మన చెరువులో తినే పక్షి

(కొల్లేటి తీరంలోని ఒక సంఘంలో కోత పండుగ రోజు చేసిన ప్రసంగం)

అమ్మలారా, అయ్యలారా, సండేస్కూలు పిల్లలారా, అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

ఇందాక మత్తయి సువార్త ఆరో అధ్యాయం చదివారు. "ఆకాశపక్షులను చూడుడి, అవి విత్తవు కోయవు కొట్లలో కూర్చుకొనవు, అయినను మీ పరలోకపు తండ్రి వాటిని పోషించుచున్నాడు." ఆ మాట దగ్గర వెనక వరసలో ఇద్దరు ముగ్గురు నవ్వుకున్నారు. ఎందుకు నవ్వారో నాకు తెలుసు. చేపల చెరువులు చేసేవాళ్లకు ఈ వచనం వేరేగా వినపడుతుంది. పక్షులు విత్తవు, కోయవు, నిజమే. లీజు కట్టింది మనం, చేపపిల్ల వదిలింది మనం, తవుడు వేసింది మనం. పొద్దున్నే గూడబాతులు, అదే పెలికాన్లు, దిగి శీలావతి, బొచ్చె చేపల్ని తోడుకుపోతాయి. పోషించేది పరలోకపు తండ్రి, అప్పు మాత్రం మన పేరున!

ఈ తగువు దాటేసి సృష్టి అందం గురించి మాట్లాడటం నాకు చేతకాదు. మన ఇళ్లల్లో గోడ క్యాలెండర్లు చూడండి. మంచుకొండ, జలపాతం, కింద ఒక వాక్యం. బాగుంటాయి, కాదనను. కానీ ఆ కొండ మనల్ని ఏమీ అడగదు. గూడబాతు అడుగుతుంది. అందుకే ఈరోజు దాన్నే పట్టుకున్నాను.

కైకలూరు పక్కన ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్లనివాళ్లు ఇక్కడ తక్కువే. కానీ వెళ్లి ఎంతసేపు చూశారు? పిల్లలు పడవెక్కుతామంటారు, ఫోటోలు తీసుకుంటాం, వచ్చేస్తాం. ఈసారి శీతాకాలంలో ఒక పూట గట్టు మీద కూర్చోండి. నీళ్లలో అటవీశాఖ పాతిన ఇనప స్టాండ్ల మీద గూళ్లు కనపడతాయి. గూడు కట్టుకోవడానికి చెట్లు చాలక మనుషులు చేసిపెట్టిన ఏర్పాటది. ఆ ఇనుము మీదే అవి పుల్లలు పేర్చి, గుడ్లు పెట్టి, పిల్లల్ని లేపుతాయి. నేల మీద నడిచేటప్పుడు గూడబాతు ఏమంత అందగత్తె కాదు. బూడిద రంగు, పొట్టి కాళ్లు, ముక్కు కింద వేలాడే సంచీ. అత్తారింటికి సామాను మోసుకుపోతున్న మనిషిలా ఒరుగుతూ నడుస్తుంది. పొద్దెక్కి నేల వేడెక్కాక చూడాలి దాన్ని. పైకి లేచే వేడిగాలిని పట్టుకుని, రెక్క ఆడించకుండా సుళ్లు తిరుగుతూ ఎక్కిపోతుంది. అంత బరువైన పక్షి! చూస్తుండగానే చుక్కంత అవుతుంది.

పిల్లకు మేత పెట్టే తీరు ఇంకా వింత. తల్లి నోరు తెరుస్తుంది, పిల్ల తల మొత్తం తల్లి గొంతులోకి దూర్చేస్తుంది. చూసేవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది. తల్లి మింగిన చేపే పిల్లకు అన్నం. పూర్వం ఐరోపా క్రైస్తవులు ఈ పక్షి గురించి ఒక కథ చెప్పుకునేవారు. తల్లి తన రొమ్ము పొడుచుకుని ఆ రక్తంతో పిల్లల్ని బతికిస్తుందట. దాన్ని క్రీస్తుకు గుర్తుగా చర్చి గోడల మీదా బలిపీఠాల మీదా చెక్కించుకున్నారు. కథ నిజం కాదు, ఏ గూడబాతూ అలా చేయదు. నాకైతే ఆ కథ కంటే మన కొల్లేట్లో కళ్లారా కనపడేదే ఎక్కువ. గొంతులోకి తల దూర్చినా విసుక్కోని తల్లి. అంత దగ్గరగా రానిచ్చే ప్రేమను దేవునిలో తప్ప నేనెక్కడా ఎరగను.

ఇంకో సంగతి. యోబు గ్రంథం 38వ అధ్యాయంలో దేవుడు యోబును అడుగుతాడు: మనుషులే లేని ఎడారిలో వాన కురిపించేది ఎవరు, అక్కడ లేతగడ్డి మొలిపించేది ఎవరు అని. రైతు దృష్టిలో ఆ వాన దండగ. కోసేవాడు లేడు, మేపేవాడు లేడు. అయినా కురుస్తుంది. యోబు తన బాధలో తానున్నాడు, బిడ్డల్ని పోగొట్టుకున్నాడు. అలాంటివాడికి దేవుడు ఎడారి గడ్డినీ కాకి పిల్లల్నీ చూపిస్తాడు. మొదట్లో నాకిది కఠినంగా తోచేది. ఇప్పుడు ధైర్యంగా ఉంటుంది. చూసేవాడు లేని గడ్డిపరకను మర్చిపోనివాడు నన్ను మాత్రం ఎలా మర్చిపోతాడు?

గూళ్లలోంచి పిల్లలు జారిపడి చనిపోవా అంటారేమో. పడతాయి. మత్తయి సువార్తలోనే పదో అధ్యాయంలో యేసుప్రభువు పిచ్చుకల గురించి చెప్పిన మాట జాగ్రత్తగా వినండి. తండ్రి సెలవు లేకుండా ఒకటైనా నేలను పడదు అన్నాడు. అసలు పడనే పడవు అనలేదు. ఈ వచనాన్ని మనం ఇన్సూరెన్స్ పాలసీలా చదువుతాం, అందుకే ఇంట్లో ఎవరైనా పోతే విశ్వాసం కూలిపోతుంది. నూటరెండో కీర్తన రాసిన మనిషి తన కష్టంలో "నేను అడవిలోని గూడబాతును పోలియున్నాను" అన్నాడు. ఆసుపత్రి వరండాలో కూర్చున్న రాత్రుల్లో ఆ కీర్తన నాకు తోడుంది. ఒంటరివాడి మొర కూడా బైబిల్లో ప్రార్థనే.

ఇక మన చెరువుల సంగతి. ఈ సరస్సు కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లం. బుడమేరూ తమ్మిలేరూ తెచ్చిన నీళ్లు ఇక్కడ నిలిచి ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయి. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు, 2006లో ప్రభుత్వం వాళ్లు మన చేపల చెరువుల గట్లు కొట్టారు. ఆ ఏడు నష్టపోయినవాళ్లు ఇక్కడే కూర్చున్నారు. వాళ్ల గాయం మీద నేను ప్రసంగం చేయను. పక్షి కోసం మనిషి పస్తుండాలని దేవుడు ఎక్కడా చెప్పలేదు.

అయితే లేవీయకాండం 19వ అధ్యాయంలో ఒక ఆజ్ఞ ఉంది: పొలం కోసేటప్పుడు అంచుల దాకా కోయొద్దు, రాలిన పరిగె ఏరుకోవద్దు, అది బీదలకూ పరదేశులకూ వదలమని. పక్షుల పేరు అక్కడ లేదు. కానీ నూటనాలుగో కీర్తనలో సింహం పిల్లలు కూడా తమ ఆహారాన్ని దేవుణ్ణే అడుగుతాయి. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చదివితే, గూడబాతు ఎత్తుకుపోయిన చేపను దొంగతనం ఖాతాలో రాయడానికి నాకు చేయి రాదు.

టపాకాయలు కాల్చి తోలండి, డబ్బా కొట్టి అరవండి, నేను కాదనను. చెరువు మీద సన్న నైలాన్ వల మాత్రం కట్టకండి. రెక్కలు చిక్కుకుని ఎండలో కొట్టుకుంటాయి. కట్టి ఉంటే పొద్దునా సాయంత్రం ఒక చుట్టు తిరిగి చూడండి, చిక్కినదాన్ని వల కోసి వదిలేయండి. పాస్టర్ గారు వేలం పాటకు గడియారం చూస్తున్నారు. మిగతాది చెరువు గట్టు మీద మాట్లాడుకుందాం, నేను వస్తాను.