విశాఖ ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా: ఒక రోజు కాలినడక

[దృశ్యం: తెల్లవారుజాము. ఒడ్డున కురుసుర సబ్‌మెరైన్]

టైమ్ ఉదయం 5. ఈ సబ్‌మెరైన్ 1969లో నేవీలో చేరింది, 2001లో రిటైరైంది. ఇప్పుడు మ్యూజియం. తెరిచేదాకా ఆగితే మన పని అయినట్టే. భీమిలి దాదాపు 30 కిలోమీటర్లు. కారులో గంట, నడిస్తే సాయంత్రం.

[క్లోజప్: తడి ఇసుకలో పాదాలు]

పొడి ఇసుకలో అడుగు కూరుకుపోయి పిక్కలు పట్టేస్తాయి. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడే తడి ఇసుక గట్టిగా ఉంటుంది. అందుకే ఆటుపోట్ల టైమ్ చూసుకుని బయలుదేరాలి. ఇంకో చిక్కుంది. ఒడ్డు సముద్రం వైపు వాలి ఉంటుంది కదా, భీమిలి వైపు నడిచేవాళ్ళకి కుడికాలు ఎప్పుడూ పల్లంలోనే. పోయినసారి పదో కిలోమీటరుకే నా ఎడమ మోకాలు మొరాయించింది. మధ్యమధ్య రోడ్డెక్కండి.

జోడుగుళ్ళపాలెం, సాగర్‌నగర్ దాటేద్దాం. రుషికొండలో టీ, అంతే.

[దృశ్యం: తొట్లకొండ మీద నుంచి సముద్రం]

మంగమారిపేట దగ్గర ఎడమవైపు కొండెక్కాలి. ఎండలో ఆ ఎక్కుడు ఒళ్ళు హూనం చేస్తుంది గానీ మానకండి. పైన ఉన్నది రెండు వేల ఏళ్ళ నాటి బౌద్ధారామం. 1970లలో నేవీ సర్వేలో బయటపడింది. రాతిని తొలిచి చేసుకున్న నీటి తొట్ల వల్లే తొట్లకొండ అయింది. తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలతోపాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. భిక్షువులకి రోమ్ డబ్బెందుకు? ఒకసారి కిందికి చూడండి. ఆ నీళ్ళ మీదే వర్తకుల ఓడలు తిరిగేవి. ఆరామాలకి దానాలిచ్చిన వాళ్ళలో వర్తకులూ ఉండేవారు.

[క్లోజప్: అరచేతిలో చిటికెడు ఎర్ర ఇసుక]

ఎర్రమట్టి దిబ్బలు. పేరులో మట్టి ఉన్నా నిజానికి ఇది ఇసుకే. వేల ఏళ్ళ క్రితం సముద్రమట్టం తగ్గినప్పుడు బయటపడిన ఇసుకని గాలి ఇక్కడికి తెచ్చి పోసింది. రేణువు రేణువుకీ ఐరన్ ఆక్సైడ్ పూత పట్టింది. ఇలా వేలితో రుద్దండి, ఎరుపు వేలికంటుకుంటుంది. తర్వాత వానలు ఆ మెత్తటి గుట్టల్ని నిలువునా కోసి ఈ లోయలు చేశాయి. ఇప్పటికీ కోస్తూనే ఉన్నాయి, కాబట్టి ఫొటో కోసం అంచు మీద నిలబడొద్దు.

ఇక్కడ నేవీ స్థావరం ఉంది. తీరం వదిలి రోడ్డు మీదే నడవాలి.

[దృశ్యం: భీమిలి, సాయంత్రం ఎండలో డచ్చి సమాధులు]

17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు వర్తకానికొచ్చిన ఊరిది. 1861లోనే మున్సిపాలిటీ అయింది. కొందరు డచ్చివాళ్ళు ఇక్కడే ఉండిపోయారు, ఈ రాళ్ళ కింద.

[దృశ్యం: గోస్తనీ సంగమం]

అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా వచ్చిన గోస్తనీ ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. మనకంటే చాలా ఎక్కువ దూరమే నడిచింది. కాసేపు కాళ్ళు నీళ్ళలో పెట్టి కూర్చుందాం. తిరుగు ప్రయాణం మాత్రం బస్సులోనే. ఎక్కేముందు బూట్లు దులుపుకోండి, అరకిలో ఎర్ర ఇసుక రాలుతుంది.