విమాన ప్రయాణంలో ఆరోగ్యం: డాక్టర్ గారితో ఫోన్-ఇన్

యాంకర్: హలో, ఎవరండీ?

కాలర్: నమస్కారమండీ, ఖమ్మం నుంచి సరోజినిని. మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. కోడలికి నెలలు నిండుతున్నాయి, రమ్మంటున్నారు. మా ఆయనకి షుగరు, బీపీ. దుబాయ్‌లో విమానం మారాలట. పచ్చళ్ళు, పొడులు అన్నీ సర్దేశాను...

డాక్టర్: మందులెక్కడ సర్దారమ్మా?

సరోజిని: పెద్ద సూట్‌కేసులోనండీ, అడుగున, భద్రంగా.

డాక్టర్: అయ్యో, తీసేయండి! ఆ పెట్టె గాల్లో ఉండగా మీ చేతికి రాదు. ఇన్సులిన్ అయితే అక్కడ చలికి గడ్డకట్టి పాడైపోవచ్చు. మందులు, చీటీ చేతిసంచిలోనే ఉండాలి.

సరోజిని: అలాగేనండీ. మరి పైన కళ్ళు తిరిగితే? విమానంలో డాక్టరుంటాడా?

డాక్టర్: ఉండడమ్మా. సిబ్బందికి ప్రథమ చికిత్స తెలుసు, ఆక్సిజన్ ఉంటుంది. ప్రయాణికుల్లో డాక్టరెవరైనా ఉంటే రమ్మని మైకులో అడుగుతారు. కింద ఉన్న డాక్టర్లతోనూ మాట్లాడతారు. నిజానికి ఎక్కువగా జరిగేది ఈ కళ్ళు తిరగడమే. లోపలి గాలి 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నంత పలచగా ఉంటుంది. దానికి తోడు బాత్‌రూమ్‌కి లేవాల్సొస్తుందని మనవాళ్ళు నీళ్ళు తాగరు! పడుకోబెట్టి కాళ్ళు ఎత్తితే చాలామంది తేరుకుంటారు. ఆయనకి మాత్రం షుగర్ చూడాలి. మీ మిషన్ మీ దగ్గరే ఉంచుకోండి, వాళ్ళ కిట్‌లో ఉంటుందని నమ్ముకోవద్దు.

సరోజిని: అంటే... డాక్టరు ఉంటాడంటారా?

డాక్టర్: (నవ్వుతూ) ఉండడనే చెప్తున్నానమ్మా.

సరోజిని: పోనీ, ఏదన్నా అయితే వెంటనే దింపేస్తారుగా?

డాక్టర్: అది కెప్టెన్ నిర్ణయం. సముద్రం మీద ఉంటే దగ్గర్లోని ఎయిర్‌పోర్టుకే గంటలు పట్టొచ్చు. అందుకే ఛాతీ బరువుగా ఉంటే గ్యాసేలే అని కూర్చోవద్దు. వెంటనే బెల్ నొక్కండి. ఇంగ్లీషు రాదని మొహమాటపడొద్దు, చెయ్యి ఛాతీ మీద పెట్టి చూపించినా వాళ్ళకి అర్థమవుతుంది.

సరోజిని: బెల్ ఎక్కడుంటుందండీ?

డాక్టర్: సీటు పైనో, ముందున్న తెర మీదో. ఎక్కగానే అడిగి చూపించుకోండి. మందులు...

సరోజిని: చేతిసంచిలో!

యాంకర్: థాంక్యూ అండీ. తర్వాతి కాలర్?

కాలర్: జగిత్యాల నుంచి సార్. స్టెంట్ వేసి ఐదు రోజులైంది. రేపు దుబాయ్ పోవాలె, డ్యూటీల చేరకుంటే కష్టం.

డాక్టర్: రేపా! స్టెంట్ వేసిన డాక్టరు సరేనని రాసివ్వకుండా విమానం ఎక్కొద్దు బాబూ. ఎయిర్‌లైన్స్‌కీ ముందే చెప్పాలి, వాళ్ళు మెడికల్ ఫారం అడగొచ్చు.

కాలర్: టికెట్ పైసలు పోతయ్ సార్...

డాక్టర్: పోనీ. ముందు డాక్టరుకి ఫోన్ చెయ్యి.

యాంకర్: ఇంకొకరు, త్వరగా అడగండి.

కాలర్: నాన్నగారికి ఆక్సిజన్ సిలిండర్ తీసుకెళ్ళొచ్చా సార్?

డాక్టర్: సొంత సిలిండర్ సాధారణంగా ఎక్కనివ్వరు. గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే, బ్యాటరీతో నడిచే మిషన్ ఉంటుంది, కాన్సంట్రేటర్ అంటారు. దానికి ముందే అనుమతి తీసుకోవాలి. అదనపు బ్యాటరీలు కూడా చేతి...

యాంకర్: క్షమించాలి డాక్టర్ గారూ, వార్తల సమయమైంది. నమస్కారం.