జేబులో తెల్ల కాగితం

వేదిక మీదున్న పెద్దలకు, ముందున్న పిల్లలకు నమస్కారం. పేరుపేరునా చెప్పుకుంటూ పోతే నాకిచ్చిన ఇరవై నిమిషాలు అక్కడే అయిపోతాయి, ఏమీ అనుకోకండి.

‘గ్లేజ్ లోపాలు, నివారణ’ అని బోర్డు మీద రాశారు. గ్లేజంటే తెలుసుగా, పింగాణీ మీద మెరిసే గాజు పూత. అందులో పడే సూదిబెజ్జాలతో, అదే పిన్‌హోల్స్‌తో మొదలుపెడదామనుకున్నాను. కానీ ఇందాక భోజనాల దగ్గర ఒకబ్బాయి, “క్రాలింగంటే పనివాళ్ళ చేతి నూనే కదా సార్” అన్నాడు. నాకు ముద్ద దిగలేదు. ముందు అదే చెబుతాను.

తామరాకు మీద నీళ్ళలా గ్లేజ్ ముడుచుకుని మధ్యలో మట్టి బయటపడటమే క్రాలింగ్. దుమ్మున్నా వస్తుంది, కోటు మందమైనా వస్తుంది. గ్లేజ్‌ను మరీ మెత్తగా నూరితే ఆరేటప్పుడే సన్నగా పగులుతుంది, బట్టీలో ఆ పగుళ్ళ దగ్గరే విడిపోతుంది. నూనె కూడా ఒక కారణమే. ఎవరి నూనె అన్నదే నా గొడవ.

మా ఫ్యాక్టరీలో వాష్‌బేసిన్లకు బిస్కెట్, అంటే గ్లేజ్ వేయకముందు కాల్చే మొదటి కాల్పు లేదు, 1200 డిగ్రీల దగ్గర ఒకటే కాల్పు. ఆరిన పచ్చి సరుకును తడి స్పాంజితో తుడిచి, గాలి కొట్టి, స్ప్రే చేసేవాళ్ళం. ఒక వానాకాలం బట్టీ దిగిన ప్రతి బండిలోనూ రూపాయి బిళ్ళంత బట్టతలలు! మేనేజరు వచ్చి స్పాంజి పట్టే ఆడవాళ్ళను చూశాడు. ఒకావిడ జడకు కొబ్బరినూనె మెరుస్తోంది. ఇంకేం, కారణం దొరికిపోయింది. రిపోర్టు రాసింది నేను, సంతకం నాది. ఆవిడ ఒక్కటే అడిగింది: “నేను పట్టుకునేది అంచు సారూ, మచ్చలు అడుగున కదా?”

వినండమ్మా, వెనక బెంచీలవాళ్ళు కూడా. ఆ ప్రశ్న నాకు రావాలి. డిప్లొమా నాది.

ఆవిణ్ణి తీసేశారు. మచ్చలు ఆగలేదు. పదిహేను రోజులకు మా ఫిట్టరు, గ్లేజ్ ఆపేసి ఉత్త గాలితో స్ప్రే గన్‌ను తెల్ల కాగితానికి జానెడు దూరంలో ఒక నిమిషం పట్టాడు. కాగితం నిండా పసుపు చుక్కలు. గన్‌కు గాలినిచ్చే కంప్రెసర్ రింగులు అరిగి ఆయిల్ గాలిలో కలుస్తోంది, ఫిల్టరు నీళ్ళు ఎన్నాళ్ళనుంచో వదల్లేదు. రింగులు మార్చారు. ఆవిణ్ణి మాత్రం మళ్ళీ పిలవలేదు. నేనూ అడగలేదు.

టైమైందని చీటీ వచ్చింది. పిన్‌హోల్స్ సంగతి రెండు ముక్కల్లో: మట్టిలో సున్నపురాయి ఉంటే అది 800 నుంచి 900 డిగ్రీల మధ్య గ్యాసు వదులుతుంది. ఆ గ్యాసు పోకముందే పైన గ్లేజ్ కరిగి మూసుకుంటే చిల్లులే. అక్కడ వేడి నిదానంగా పెంచండి, చివర కాసేపు నిలపండి. ఇక ఆవకాయ జాడీ బయట ఉప్పు తెల్లగా పూస్తోందంటే అది క్రేజింగ్. చల్లారేటప్పుడు మట్టికంటే గ్లేజ్ ఎక్కువ కుంచించుకుని వలలా పగిలింది. గ్లేజ్‌లో సిలికా కొంచెం పెంచి చూడండి.

మీ ల్యాబ్‌లో కంప్రెసర్ ఉందన్నారు కదా? టీ తాగాక పదండి, కాగితం నా జేబులోనే ఉంది.