71 ఎందుకు?

హెడ్మాస్టర్ గారికి, టీచర్లందరికీ నమస్కారం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మూడేళ్ల కిందట పదో తరగతిలో ఉండగా, ఇలాగే డిసెంబరు 22న, గణిత దినోత్సవం రోజున, ఇదే వరండాలో కూర్చుని, ఈ ఉపన్యాసం ఎప్పుడైపోతుందా అని ఎదురుచూశాను. అందుకని తొందరగానే వదిలేస్తాను.

నేనిప్పుడు యూనివర్సిటీలో ఫస్టియర్. క్లాసులో మ్యాట్రిసెస్ నడుస్తున్నాయి. కానీ నాకు లెక్కలు నిజంగా ఎదురుపడింది హాస్టల్ గేటు ముందున్న జిరాక్స్ షాపులో.

ఏ3 షీట్ మీద వేసిన బొమ్మని ఏ4 రికార్డులో పెట్టాలి. ఏ3ని మధ్యకి మడిస్తే ఏ4, అంటే సగం. "అన్నా, 50 శాతం పెట్టు" అన్నాను, అంతా తెలిసినవాడిలా. బయటికొచ్చిన కాగితంలో బొమ్మ ఒక పక్కకి ముడుచుకుపోయింది, మిగతా సగం తెల్లగా ఖాళీ. అన్న నవ్వి 71 నొక్కాడు. నిండుగా, చక్కగా వచ్చింది.

"71 ఎందుకన్నా?"

"ఏమో బాబూ, ఎప్పట్నుంచో అదే నొక్కుతున్నా."

రూముకెళ్లి కాగితం మడుస్తూ కూర్చున్నాను. మిషన్ పొడవునీ తగ్గిస్తుంది, వెడల్పునీ తగ్గిస్తుంది. 50 అంటే సగంలో సగం, పావు వంతు. నాకు కావలసింది వైశాల్యంలో సగం. దేన్ని దానితోనే గుణిస్తే అర వస్తుంది? 0.7071... అదే ఒకటి బై రూట్ 2. మిషన్ దాన్ని 71 చేసుకుంది.

అయినా ఒక సందేహం మిగిలింది. సగం చేసినా కాగితం ఆకారం మారలేదేం? పొడవు వెడల్పుకి ఎక్స్ రెట్లు అనుకోండి. మధ్యకి మడిస్తే పాత వెడల్పు కొత్త పొడవు అవుతుంది. కొత్త నిష్పత్తి 2 బై ఎక్స్. ఆకారం మారకూడదంటే ఈ రెండూ సమానం కావాలి, అంటే ఎక్స్ స్క్వేర్ 2. జర్మనీలో లిక్టెన్‌బర్గ్ అనే ఆయన 1786లోనే ఒక ఉత్తరంలో ఈ సంగతి రాశాడు. 1922లో ఆ దేశం దాన్నే కాగితాల కొలతగా పెట్టుకుంది.

ఇక్కడ నాకు కాస్త సిగ్గేసింది. "రూట్ 2 కరణీయ సంఖ్య అని నిరూపించండి" అనే ప్రశ్నని ఇదే బళ్లో బట్టీ పట్టాను. మార్కులు కూడా పూర్తిగా పడ్డాయి. ఆ జవాబు రాసిన కాగితమూ, ఆ రూట్ 2 కలిసి నా చేతిలోనే ఉన్నాయని మాత్రం తెలియలేదు.

ఇంకొకటి. ఏ0 షీట్ వైశాల్యం ఒక చదరపు మీటరు. నాలుగుసార్లు సగం చేస్తే ఏ4, అంటే పదహారో వంతు. రిమ్ము మీద 80 జీఎస్ఎం అని ఉంటుంది, చదరపు మీటరుకి 80 గ్రాములు. కాబట్టి ఒక్కో కాగితం 5 గ్రాములు, 500 కాగితాల రిమ్ము రెండున్నర కిలోలు. తూకం అక్కర్లేదు.

మర్నాడు అన్నకి ఇదంతా చెప్పాను. పూర్తిగా విన్నాడు. "అయితే పెద్దది చేసేటప్పుడు నొక్కే 141 కూడా ఇదేనా?" అన్నాడు. నాకంటే ముందే పట్టేశాడు!

మీ బెంచీల మీద ఒక ఏ4, ఒక లీగల్ కాగితం పెట్టించాను. స్కేళ్లు తీయండి. రెండింటినీ కొలిచి, పొడవుని వెడల్పుతో భాగించండి. తర్వాత మధ్యకి మడిచి మళ్లీ కొలవండి. ఒకటి మాట తప్పుతుంది. ఏదో మీరే చెప్పాలి.