పట్టాల్లో కరెంటు లేకుండా మా పెరటి రైలు: బొగ్గు ఇంజనుకు బ్యాటరీ, రిమోట్

అందరికీ నమస్కారం. ఈ బల్ల మీద వెల్లకిలా పెట్టింది మా టెన్‌ వీలర్. ముందు నాలుగు చిన్న చక్రాలు, వెనక ఆరు పెద్దవి ఉన్న అమెరికన్ బొగ్గు ఇంజను నమూనా. వెనక బొగ్గూ నీళ్లూ మోసే బండి, అదే టెండర్‌తో కలిపితే రెండడుగుల పైమాటే. ఆరేళ్లుగా ఇక్కడ టెక్సాస్‌లో మా పెరట్లో తిరుగుతోంది. ఇవాళ దీనికి పట్టాల నుంచి వచ్చే కరెంటు మాన్పించి, టెండర్‌లో బ్యాటరీ, రేడియో రిసీవరు పెడుతున్నాను.

ఎందుకీ పని అంటే, మావి ఇత్తడి పట్టాలు. ఎండా వానా అక్కడే ఉంటాయి. పైన ఓక్ చెట్టు, పక్కనే స్ప్రింక్లర్. ఇత్తడి నల్లబడి పైన పొర కడుతుంది, చక్రానికి కరెంటు అందదు. శనివారం నలభై నిమిషాలు వంగి పట్టాలు రుద్దితే, ఇరవై నిమిషాలు బండి నడిచేది. చుట్టుపక్కల పిల్లలు చూడ్డానికి వచ్చాక బండి మధ్యలో ఆగిపోతే నాకు నిజంగా బాధేసేది. ఇంట్లో, గదిలో నడుపుకునేవాళ్లకి మాత్రం ఈ ఖర్చు అక్కర్లేదు. పట్టాల కరెంటే హాయి.

ఈ సైజంటే నాకెందుకంత ఇష్టమో కూడా చెప్పాలి. ఈ పట్టాల మధ్య దూరం 45 మిల్లీమీటర్లు. 1968లో జర్మనీ నుంచి ఎల్‌జీబీ వాళ్లు తెచ్చిన పెరటి రైళ్లు 22.5వ వంతు సైజువి. 45ని 22.5తో గుణించి చూడండి, ఇంచుమించు మీటరు. అంటే మన మీటర్‌గేజ్! గుంటూరు నుంచి నల్లమల దాటి నంద్యాల, గుంతకల్లు వెళ్లే లైను ఒకప్పుడు మీటర్‌గేజే కదా. మా అమ్మమ్మగారిది గిద్దలూరు. దిగువమెట్ట వైపు ఎక్కేటప్పుడు ఇంజను వేసే బరువైన ఊపిరి నాకింకా చెవుల్లో ఉంది. ఈ ఇంజను అమెరికాది, ఆ ఊపిరి మాత్రం అదే.

సరే, పని. స్క్రూడ్రైవర్ పట్టే ముందే కరెంటు కొలిచే మల్టీమీటరు పట్టండి. ఇంజను ఎన్ని ఆంపియర్లు లాగుతోందో కొలవండి. నాది ఖాళీగా 0.4, ఆరు పెట్టెలతో 0.9, చేత్తో ఆపి చక్రాలు జారేలా చేస్తే 1.8. ఈ మూడు అంకెలు మీ దగ్గరుంటే బ్యాటరీ, రిసీవరు, ఫ్యూజు ఏవి కొనాలో అవే చెప్తాయి. పొగ వచ్చే యూనిట్ కనెక్షన్ నేను తీసేశాను. బ్యాటరీని అది ఊరికే తాగేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఇదిగో, ఈ చక్రాల వెనక సన్నటి రాగిరేకులు కనిపిస్తున్నాయా? పట్టాల కరెంటును లోపలికి తెచ్చేవి ఇవే. వీటి నుంచి మోటారుకి వెళ్లే తీగలు రెండు వైపులా కత్తిరించి, ఒక్కో కొసకీ విడివిడిగా ష్రింక్ ట్యూబు, అంటే వేడి చేస్తే బిగుసుకునే ప్లాస్టిక్ గొట్టం వేయాలి. నేను మొదటి ఇంజనుకి ఒక వైపు మర్చిపోయాననుకుని రెండోసారి చూస్తే, అసలు రెండు వైపులా వదిలేశాను. స్నేహితుడి పెరట్లో పెట్టాను. అక్కడ పట్టాల్లో కరెంటు ఉంది. అది చక్రాల మీదుగా వెనక నుంచి రిసీవరులోకి దూరింది. అంతే, కాలిన వాసన. పట్టాల్లో కరెంటు లేకపోయినా ప్రమాదం ఉంది. అప్పుడు మన బ్యాటరీయే పట్టాలకు కరెంటు ఇస్తుంది. ఎక్కడో దారి చీలే పాయింట్ల దగ్గర రెండు పట్టాలు కలిస్తే షార్ట్ అయ్యేది మన బ్యాటరీ. కత్తిరించాక చక్రానికీ మోటారు తీగకీ మధ్య మీటరు పెట్టి, బీప్ రాదని నిర్ధారణ చేసుకున్నాకే ముందుకు వెళ్లండి.

బ్యాటరీకి 18650 అనే సైజు లిథియం సెల్స్ నాలుగు వరసగా. ఒక్కోటి 3.7 వోల్టులు, మొత్తం 14.8. నిండుగా ఉన్నప్పుడు 16.8. మూడు వేల మిల్లీ ఆంపియర్ అవర్లవి తీసుకున్నాను, 0.9 లెక్కన మూడు గంటలు నిక్కచ్చిగా వస్తుంది. పాత ల్యాప్‌టాప్ సెల్స్ పీకి వాడొద్దు, సెల్ మీద నేరుగా టంకం పెట్టొద్దు. రక్షణ బోర్డుతో, నికెల్ పట్టీలు వెల్డ్ చేసి ఉన్న ప్యాక్ కొనండి. ప్లస్ తీగ మీద, ప్యాక్‌కి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా 3 ఆంపియర్ల ఫ్యూజు. ఫ్యూజు దూరంగా పెడితే, దానికి ముందున్న తీగ నలిగినప్పుడు దాన్ని కాపాడేది ఏదీ ఉండదు. ఇంకోటి, మా టెక్సాస్ ఎండకి టెండర్ లోపల పొయ్యిలా ఉంటుంది. 45 డిగ్రీల సెల్సియస్ దాటిన లిథియం సెల్‌ని ఛార్జ్ చేయకూడదు. బండి ఆపి, నీడలో చల్లారాక, మనం పక్కనుండగానే ఛార్జింగ్.

రిసీవరు 2.4 గిగాహెర్ట్జ్‌ది. ఇండియాలో చేసేవాళ్లు కూడా ఇదే తీసుకోండి, అక్కడ దీనికి లైసెన్సు అక్కర్లేదు. ఇక్కడ చాలామంది వాడే 900 మెగాహెర్ట్జ్ సెట్లు అక్కడికి పట్టుకెళ్లకండి, ఆ బ్యాండు అక్కడ ఫోన్ కంపెనీలది. యాంటెనా తీగ చివర పైతొడుగు లేని భాగం 31 మిల్లీమీటర్లు ఉంటుంది. పొడుగని కత్తిరించకండి, ఈ రేడియో తరంగం పొడవులో సరిగ్గా పావు వంతు అది. బాయిలర్‌లో ఇనప బరువు ఉంది కాబట్టి అక్కడ వద్దు. టెండర్‌లో ప్లాస్టిక్ బొగ్గు కింద నిలబెట్టాను.

ఇక శబ్దం. రెండు సిలిండర్లు, పిస్టన్ వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆవిరి వదులుతుంది. చక్రం ఒక్కసారి తిరిగితే నాలుగు ఛుక్‌లు. అందుకే ఇరుసుకి నాలుగు అయస్కాంతాలు అతికించి, ఎదురుగా రీడ్ స్విచ్, అంటే అయస్కాంతం దగ్గరికొస్తే కలుసుకునే స్విచ్ పెట్టాను. అంచనా మీద శబ్దం వేసే బోర్డులు కూడా ఉన్నాయి, కానీ మెల్లగా ఎక్కేటప్పుడు చక్రానికీ శబ్దానికీ పొంతన కుదరదు. స్పీకర్ టెండర్ అడుగున, వెనక మూసిన చిన్న డబ్బాలో. డబ్బా లేకపోతే గొంతు పల్చబడుతుంది.

పట్టాలు రుద్దలేదు, ఆకులు మాత్రం చీపురుతో తీశాను. ఆరు పెట్టెలు తగిలించాను. వినండి... ఎత్తు ఎక్కడం మొదలైంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు... దిగువమెట్ట దాటుతున్నట్టే లేదూ?

వచ్చే వీడియోలో టెండర్ లేని చిన్న ఇంజను. దానికి బ్యాటరీ వెనక పెట్టెలో పెట్టి, మధ్యలో రెండు పిన్నుల ప్లగ్‌తో కలపాలి. ఆ ప్లగ్ తిప్పి పెట్టడానికి వీల్లేని రకం అయ్యుండాలి, దాన్ని ఈలోపే తెచ్చిపెట్టుకోండి.