చర్చ: సిరొంచ పల్లెలకు వరద కట్ట ఎట్లా, ఏ పద్దు కింద?

(పాల్గొన్నవారు: మాజీ సర్పంచ్, విశ్రాంత జలవనరుల ఇంజనీరు, పత్తి–మిర్చి రైతు)

వ్యాఖ్యాత: నమస్కారం. 2022 జులైలో ప్రాణహిత, గోదావరి కలిసి పొంగి మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ తాలూకాను ముంచెత్తాయి. కరకట్ట కావాలన్న మాట అప్పట్నుంచీ వింటూనే ఉన్నాం. సర్పంచ్ గారూ, మీ ఊరికి నీళ్లు ఎటునుంచి వస్తాయి?

మాజీ సర్పంచ్: అందరూ గోదారి దిక్కు చూస్తరు సార్. మాకు నీళ్లు వెనకనుంచి, ఒర్రె (నదిల కలిసే చిన్న వాగు) పట్టుకొని ఎక్కుతయి. ఒర్రె మీద పాత తూము ఉంది. దాని షట్టరు రాడ్ తుప్పు పట్టి, పైన తిప్పే చక్రం కూడ లేదు. ఆ రాత్రి గడ్డపార పెట్టి ఇద్దరు మొగోళ్లు తిప్పినా కదల్లే. ఇసుక బస్తాలు ఏసినం, అవీ కొట్టుకపోయినయి.

ఇంజనీరు: ఆమె చెప్పిందే అసలు సంగతి. నది మట్టం పెరిగితే ఒర్రె నీళ్లు బయటికి పోవు, నదే ఎదురెక్కుతుంది. ఒడ్డు వెంట మట్టికట్ట ఒక్కటే పోస్తే లోపల కురిసిన వాన లోపలే నిలిచి పత్తి మొలక కుళ్లుతుంది. ప్రతి ఒర్రె మూతి దగ్గరా తూము ఉండాలి. దాని తలుపు నది వైపుకు మాత్రమే తెరుచుకోవాలి. అప్పుడు లోపలి నీళ్లు దాన్ని తోసుకుని బయటికి పోతాయి, నది ఎక్కితే అదే మూసుకుంటుంది.

వ్యాఖ్యాత: కట్ట ఎంత ఎత్తు?

ఇంజనీరు: పొలాలకైతే పాతికేళ్లకోసారి వచ్చే వరదను, పట్టణాలకైతే వందేళ్ల వరదను లెక్కలోకి తీసుకోవడం మన దేశంలో ఆనవాయితీ. అంతకు మించిన వరద కట్ట దాటి వస్తుంది. ఈ మాట ఊళ్లో ముందే చెప్పాలి. కట్ట ఉందిలే అని పశువుల తాళ్లు విప్పకపోతే ప్రాణాల మీదికొస్తుంది.

రైతు: మరి గోదారి మీద తెలంగాణ కట్టిన మేడిగడ్డ బ్యారేజీ సంగతేంది? 100 మీటర్ల మట్టానికి 2016ల రెండు రాష్ట్రాలు ఒప్పుకున్నయి. 2023 అక్టోబరుల పిల్లర్లు కుంగినయి. రేపు బాగుచేసి మళ్లా నిండుగ ఆపితే? ఖాళీగున్నప్పుడు కొలిచి కట్ట కడితే మేం ఆగమైతం.

ఇంజనీరు: బ్యారేజీ నిండుగా ఉందనుకునే డిజైన్ చేయాలి. నీళ్లు ఎంత దూరం వెనక్కి ఎగదన్నుతాయో చూసే ఆ బ్యాక్ వాటర్ సర్వే రెండు రాష్ట్రాలూ కలిసి చేయాల్సిన పని, దాన్ని పంచాయతీ నెత్తిన పెట్టకూడదు. గోదావరి కట్ట కూడా పంచాయతీ నిధులతో అయ్యేది కాదు.

వ్యాఖ్యాత: మరి పంచాయతీ చేతిలో ఉన్నదేమిటి?

ఇంజనీరు: ఒర్రె పూడిక, ముళ్లకంప తీయడం, చిన్న మట్టి పనులు ఉపాధి హామీలో పెట్టొచ్చు. తూముకు వేరే డబ్బు కావాలి. 15వ ఆర్థిక సంఘం 2021–26కు రాష్ట్ర విపత్తు నిధిలో 20 శాతాన్ని ముందస్తు నివారణకని విడదీసింది. మనమేమో వరద తగ్గాక నష్టం రాసే పంచనామాల చుట్టూ తిరుగుతాం. జిల్లా నుంచి ఈ పద్దు కింద ప్రతిపాదన వెళ్లాలంటే వేసవిలోనే సర్వే, ఎస్టిమేటు సిద్ధంగా ఉండాలి.

మాజీ సర్పంచ్: పెసా ఊర్లకు, అంటే గ్రామసభకు ఎక్కువ అధికారమిచ్చే చట్టం కింద ఉన్న గిరిజన ఊర్లకు, గిరిజన ఉపయోజన (గిరిజనుల కోసం విడిగ పెట్టే బడ్జెట్) ల 5 శాతం సీదా పంచాయతీకే వస్తది. అందులకెల్లి కొంచెం తీసినా సర్వే ఖర్చు ఎల్తది. అడవి భూమితోనే తిప్పలు.

ఇంజనీరు: నిజమే. గ్రామసభ సిఫారసు చేస్తే అటవీ హక్కుల చట్టం కింద హెక్టారు లోపు, హెక్టారుకు 75 చెట్లకు మించకుండా చెరువులకు, చిన్న కాల్వలకు భూమి ఇవ్వొచ్చు. ఆ జాబితాలో కరకట్ట లేదు. కట్ట అడవిలోంచి పోతే వేరే అనుమతి తప్పదు, దానికి చాలా కాలం పడుతుంది. అందుకే ముందు తూములు, కాల్వలు పట్టుకోవాలంటాను.

మాజీ సర్పంచ్: ఇంకొక మాట. తూము కట్టిపోయినంక గ్రీజు ఎవరు పెట్టాలె? ఏటా మే నెలల షట్టరు విప్పి చూసుటానికి పైసలు పంచాయతీ ప్రణాళికల రాయాలె. తాళంచెవి ఊర్లెనే ఉండాలె. గా పద్దు లేని ఎస్టిమేటుకు గ్రామసభల చెయ్యెత్తొద్దని మా ఆడోళ్లకు చెప్తున్న.

రైతు: టేక్రా కాడ ప్రాణహిత మట్టం కేంద్ర జల సంఘమోళ్లు కొలుస్తరు గద. గా లెక్క మా ఫోన్లకు తెలుగుల పంపాలె. మరాఠీల వస్తే మా ఇండ్ల ముసలోళ్లు సదువుకోలేరు.