కీప్యాడ్ పంపించారు, నేను కీబోర్డే మార్చుకున్నాను

నమస్కారం. ముందే చెప్పేస్తాను, బల్ల మీద కనబడుతున్న ఈ బుల్లి కీప్యాడ్‌ను తయారుచేసిన కంపెనీయే నాకు ఉచితంగా పంపింది. డబ్బులేమీ ఇవ్వలేదు, ఇలా మాట్లాడమని చెప్పనూ లేదు. బటన్లు ఎన్ని, కేబుల్ పొడవెంత, ఏయే రంగుల్లో వెలుగుతుంది అన్నవి ఈపాటికి వేరే వీడియోల్లో చూసే ఉంటారు. వాటి జోలికి నేను పోను.

ఫొటో ఎడిటింగ్ చేసేవాళ్ల కోసమని పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేశారు. నిజానికి దీనికి ఫొటోల గురించి ఏమీ తెలియదు. బటన్ నొక్కితే, చేసిన పనిని వెనక్కు తీసుకునే కంట్రోల్ జెడ్ లాంటి ఒక షార్ట్‌కట్‌ను కంప్యూటర్‌కు పంపుతుంది, అంతే. మనకు కావలసిన పనికి సాఫ్ట్‌వేర్‌లో షార్ట్‌కట్ లేకపోతే ఈ బటన్‌కూ దిక్కు లేదు. ముందు అక్కడ పెట్టుకోవాలి, తర్వాత దీనికి నేర్పాలి. సరే, అక్కడ పెట్టుకున్నాక ఇక దీనితో పనేమిటి? ఈ అనుమానం మొదటి పూటే వచ్చింది, ఇప్పటికీ తీరలేదు.

నేను రోజూ ఫొటోలు ఎడిట్ చేసేది జింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో. ఫొటోషాప్ నుంచి వచ్చినవాళ్లు దీన్ని తిట్టుకునేది షార్ట్‌కట్‌ల దగ్గరే. ఫొటోషాప్‌లో బి నొక్కితే బ్రష్. జింప్‌లో బి నొక్కితే వంపుగీతలు గీసే పాత్స్ టూల్ వస్తుంది, బ్రష్ వెళ్లి పి దగ్గర ఉంటుంది. అక్కడ కంట్రోల్ డి కొడితే సెలెక్షన్, అంటే బొమ్మలో మనం ఎంచుకున్న భాగం గుర్తు, పోతుంది. ఇక్కడ అదే కొడితే సెలెక్షన్ చెక్కుచెదరదు, బొమ్మకు ఇంకో కాపీ తయారై ఎదురుగా నిలబడుతుంది! ఇప్పుడు పి ఎక్కడుందో మీ కీబోర్డ్ మీద చూడండి. కుడి చివర. కుడిచేతిలో మౌస్ ఉంటే ఎడమచెయ్యి అంత దూరం ఎందుకు ప్రయాణం చేయాలి?

అందుకే నాకు ఎంతో ఇష్టమైన విండో ఇది. ఎడిట్ మెనూలో కీబోర్డ్ షార్ట్‌కట్స్ తెరిచాను, చూడండి. పైన వెతికే గడిలో పెయింట్‌బ్రష్ అని కొట్టాను. ఆ వరుస మీద క్లిక్ చేసి బి నొక్కాను. చూశారా, వెంటనే ఆపి అడుగుతోంది: ఈ కీ పాత్స్ టూల్‌కు ఉంది, దాని దగ్గర తీసేసి దీనికి ఇవ్వనా అని. గుట్టుచప్పుడు కాకుండా లాక్కోదు. ఇవ్వమన్నాను, పని అయిపోయింది. ఏదైనా షార్ట్‌కట్ అసలు వద్దనుకుంటే ఆ వరుస మీద బ్యాక్‌స్పేస్ కొడితే చాలు.

మెనూల్లో ఎంత వెతికినా కనబడని పనులు కూడా ఈ జాబితాలో ఉన్నాయి. లేయర్ ఒపాసిటీ, అంటే బొమ్మలో ఒక పొర ఎంత చిక్కగా కనబడాలో, పెంచడం, తగ్గించడం అలాంటివే. బొమ్మను సాగదీసి వంచే వార్ప్ టూల్ నేను ముట్టుకోను కాబట్టి దాని డబ్ల్యూ తీసి ఒపాసిటీకి ఇచ్చేశాను. ఇక స్లైడర్ పట్టుకుని లాగే బాధ లేదు.

ఇంత కష్టపడి పెట్టుకున్నవి పోకుండా ఒక్క ఫైల్ దాచుకోండి. జింప్ 2.10 వెర్షన్‌లో దాని పేరు మెనూఆర్‌సీ, 2025 మార్చిలో వచ్చిన 3.0లో షార్ట్‌కట్స్‌ఆర్‌సీ. ఇది ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, ఇంతకుముందు నా దగ్గర డయల్ ఉన్న పరికరం ఒకటి ఉండేది. తిప్పితే బ్రష్ సైజు మారేది, చేతికి ఎంతో హాయిగా ఉండేది. కానీ దాని సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయినప్పుడల్లా నా సెట్టింగులన్నీ తుడిచిపెట్టేది. చివరికి అటక ఎక్కించాను.

చేతికి పట్టిన అలవాటు అంత తేలికగా వదలదు. 2018లో ఫొటోషాప్‌లో కంట్రోల్ జెడ్ తీరు మార్చి, నొక్కిన కొద్దీ ఒక్కో అడుగూ వెనక్కు వెళ్లేలా చేశారు. అది మంచి మార్పే. అయినా పాత పద్ధతే కావాలనేవాళ్ల కోసం షార్ట్‌కట్‌ల విండోలో ఒక టిక్కు పెట్టక తప్పలేదు.

మళ్లీ మన కీప్యాడ్ దగ్గరికి వద్దాం. దీనితో నాకు ఒళ్లు మండిన చోటు ఇది. టెక్స్ట్ టూల్‌తో ఒక శీర్షిక టైప్ చేస్తున్నాను. మధ్యలో బ్రష్ కావాలని దీని మీద బటన్ నొక్కాను. బ్రష్ రాలేదు, శీర్షిక మధ్యలో బి అక్షరం వచ్చి పడింది. కీబోర్డ్ మీద నొక్కినా అదే జరుగుతుంది, నిజమే. కానీ బటన్ మీద బ్రష్ బొమ్మ అతికించి అమ్ముతున్నప్పుడు నేను ఆశించేది బ్రష్‌నే కదా!

పెన్ ట్యాబ్లెట్ ముందు పెట్టుకుని, కీబోర్డ్‌ను పక్కకు నెట్టేసి బొమ్మలు వేసేవాళ్లకు ఇది పనికొస్తుంది, కొనుక్కోండి. మౌస్‌తో పనిచేసేవాళ్లకు వద్దంటాను. నా వరకు కీప్యాడ్‌కు అయిదుకు రెండు. జింప్ షార్ట్‌కట్‌ల విండోకు నాలుగున్నర. ఆ అర ఎందుకు కోశానంటే, బొమ్మలు వేసే క్రితా అనే సాఫ్ట్‌వేర్‌లో సెట్టింగ్స్ తెరిచి ఫొటోషాప్ తరహా షార్ట్‌కట్‌లు కావాలని ఎంచుకుంటే అన్నీ ఒకేసారి మారిపోతాయి. జింప్‌లో నేను ఒక్కొక్క వరుసా క్లిక్ చేస్తూ కూర్చున్నాను.